రిపేరు చేసే చేతిలోనే ఉంది మరమ్మతుకు ముప్పు

కల్లూరు: రిపేరు చేయించి తెచ్చిన సెల్‌ఫోను నెల తిరక్కుండానే మళ్లీ మూగబోవడం మన ప్రాంతంలో ఎందరికో అనుభవమే. డూప్లికేటు సామాను వేశాడని మనం షాపువాణ్ణి తిడతాం. మీరే నీళ్లలో పడేసి ఉంటారని అతను మనల్ని అంటాడు. ఫోను లేక బ్యాంకు ఓటీపీ రాక తిరిగేది మాత్రం రైతే. ఈ తగవులో స్థిర విద్యుత్తు పేరు ఎవరూ ఎత్తడం లేదు.

బడిలో దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలను లాగాం కదా, అదే ఇది. పాలిస్టరు చొక్కాతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచినా ఒంట్లో వేల వోల్టులు చేరవచ్చు. సుమారు 3000 వోల్టులు ఉంటే గాని వేలికి చురుక్కుమనదు. కొన్ని చిప్పులు చెడడానికి 100 వోల్టులు చాలు! చిప్పు అప్పటికప్పుడే పోకుండా, లోపల దెబ్బతిని కొన్నాళ్లు నడిచి ఆగిపోవచ్చు కూడా. గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ బెడద ఎక్కువ, ముసురు రోజుల్లో తక్కువ. మూత బిగించి ఉన్న ఫోనుకు అంత భయం లేదు, విప్పినప్పుడే.

ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీలలో ముంజేతికి ఎర్తు పట్టీ కట్టుకొని బోర్డు ముట్టడం పద్ధతి. ఓటింగ్ యంత్రాలు చేసే ఈసీఐఎల్ 1967 నుంచి హైదరాబాదులోనే ఉంది. అక్కడి పద్ధతులు ఇంత దూరం రాకపోవడం విచారకరం. కొత్త బోర్డును దాని వెండిరంగు కవరులోంచి తీసి థర్మోకోలు ముక్క మీద పెట్టే షాపులు ఉన్నాయి. స్థిర విద్యుత్తును పుట్టించడంలో థర్మోకోలుకు మించింది అరుదు.

పట్టీ ఖరీదు కొద్ది వందలే. షాకు తగలకుండా దాని తీగలో 10 లక్షల ఓముల రెసిస్టరు ఉంటుంది. డబ్బు మిగులుతుందని ఉత్త రాగితీగ చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు. అసలు ఎర్తే సరిగా లేని షాపులో పట్టీ ఏం చేస్తుంది? గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో యజమానులు చూసుకోవాలి. సెల్ రిపేరు శిక్షణ ఇచ్చేవారు మొదటి రోజే పట్టీ కట్టించడం అవసరం.

ఈ విలేకరి ఒక షాపులో పట్టీ ఉందా అని అడిగితే నవ్వారు. రెండో షాపులో సొరుగులోంచి తీసి చూపించారు. దానికి సీలు కూడా విప్పలేదు.