హక్కు అంటే అడిగేదా, ఇచ్చేదా?

ఇంగ్లీషులో ‘రైట్’ అనే మాట చాలా చలాకీది. బెజవాడ నెహ్రూ బస్టాండులో కండక్టర్ ‘రైట్ రైట్’ అంటే బస్సు కదులుతుంది. ఆటో అతనితో ‘రైట్’ అంటే కుడివైపు తిప్పుతాడు. పరీక్ష పేపర్లో రైట్ పడితే మార్కు. కోర్టులో రైట్ అంటే హక్కు. పర్యాయపదాలు రాయమంటే పిల్లలు కరెక్ట్, ప్రాపర్, క్లెయిమ్, డ్యూ అని వరసగా రాసేస్తారు. కానీ క్లెయిమ్ అంటే నేను అడిగేది, డ్యూ అంటే నాకు రావలసినది. ఈ రెండిటికీ మధ్య ఎంత దూరముందో మన ఇళ్లల్లో ఆస్తి పంచుకునేటప్పుడు తెలుస్తుంది.

రైట్‌కు అసలు అర్థం తిన్ననిది, వంకర లేనిది. మనం కూడా కుడిచేతిని ‘సీదా హాత్’ అనే అంటాం కదా! ఎక్కడి ఇంగ్లాండు, ఎక్కడి మన దక్కనీ! తెలుగులో మాత్రం ఈ ఒక్క మాటకు కుడి, ఒప్పు, హక్కు అని మూడు మాటలు కావాలి. ఆ మూడోది అరబీ ‘హక్’. కచేరీల భాషగా ఉన్న ఫార్సీ, ఉర్దూల వెంట నడిచొచ్చి తెలుగు మాటయింది. వారిస్ వారసుడైందీ, దస్తావేజు, దాఖలా, మాఫీ తెలుగింట స్థిరపడిందీ ఆ దారినే. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ఊరూరా మోగిన నినాదంలో ఉన్నదీ ఆ మాటే.

అయితే ఈ ప్రయాణంలో సగం అర్థం జారిపోయింది. తెలుగులో హక్కు అంటే పోరాడి సాధించుకునేది. ఉర్దూ మీడియం బడిలో మేం నేర్చుకున్న హక్ ఇంకా పెద్దది. హక్ అంటే సత్యం. అల్ హక్ అల్లాహ్ పేర్లలో ఒకటి. అన్యాయంగా చేసిన పని నాహక్. అన్నిటికన్నా ముఖ్యం, హక్ ‘అదా’ చేసేది, అంటే చెల్లించేది. పొరుగువాడి హక్ నా మీద ఉంటుంది. నా హక్ నా కొడుకు మీద ఉంటుంది. హుఖూఖుల్ ఇబాద్ అన్నప్పుడు మనం లెక్కపెట్టేది మనకు రావలసినవి కాదు, మనం బాకీపడ్డవి.

ఇప్పుడు మీరాస్ సంగతికి వద్దాం. గుడివాడ, పెడన, అవనిగడ్డ, ఏ ఊరైనా తీసుకోండి. తండ్రి పోయాక పొలం పంపకమంటే అన్నదమ్ముల పంపకమే. ఆడపిల్లల వంతు వచ్చేసరికి ‘ఆపా, ఇక్కడో సంతకం పెట్టు’ అంటారు. ఆమె పెడుతుంది. పెట్టకపోతే రేపు ఈద్‌కు మైకా గుమ్మం తొక్కగలనా అన్న భయం. దానికి మనం ‘హక్ మాఫ్ చేసింది’ అని అందమైన పేరు పెట్టుకున్నాం.

లెక్క మాత్రం కష్టమేమీ కాదు. ఒకాయన 8 ఎకరాలు వదిలి వెళ్లాడు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. అప్పులు, వసీయత్ తీరాక 8 ఎకరాలే మిగిలాయనుకుందాం. సూరా నిసా ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. కొడుక్కి రెండు వాటాలైతే కూతురికి ఒకటి కాబట్టి కొడుకులకు రెండేసి ఎకరాలు, కూతుళ్లకు ఒక్కో ఎకరం. అంతే హిసాబ్.

చట్టమూ అడ్డు లేదు. 1937 షరియత్ చట్టం సాగుభూమిని మినహాయించిన మాట నిజం. కానీ అప్పుడు మన కృష్ణా జిల్లా మద్రాసు కింద ఉంది. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ తెచ్చి ఆ మినహాయింపు తీసేసింది. కాబట్టి ఇంట్లోనే కాదు, వరిచేలో కూడా ఆడపిల్లకు వాటా ఉంది. ఎన్టీఆర్ హయాంలో హిందూ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ చట్టం వచ్చినప్పుడు ‘మా దీన్‌లో 1400 ఏళ్ల కిందటే ఇచ్చారు’ అని చెప్పుకున్నవాళ్లం మనం. ఇచ్చింది దీన్. ఆపింది ఎవరు?

‘పెళ్లికి అంత ఖర్చు పెట్టాం కదా’ అంటారు. జహేజ్ మీరాస్ కాదు. అది అడగడమే తప్పు, దాన్ని చూపించి వాటా ఎగ్గొట్టడం రెండో తప్పు. ‘ఆమే ఇష్టంగా వదులుకుంది’ అంటారు. ఇష్టంగా వదులుకునే చెల్లెళ్లు లేరని కాదు. కానీ తన వాటా ఎంతో తెలిసి, అది తన పేరున వచ్చాక ఇస్తే ఇష్టం. కాగితం చదవనివ్వకుండా పెట్టించుకున్న సంతకం ఇష్టమెలా అవుతుంది? తండ్రి బతికుండగానే రాయించుకునేవాళ్లూ ఉన్నారు. మన ఫిఖ్ ప్రకారం అప్పటికి వారసత్వమే మొదలు కాలేదు. ఇంకా పుట్టని హక్కును ఆమె మాఫ్ చేసేదేమిటి?

కాలవ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చివరి భూములకు నీరందాలంటే ఎగువ రైతు తన వంతు అయ్యాక తూము వదలాలి. కట్టేసి కూర్చుని, కిందివాడు వచ్చి అడగలేదు కాబట్టి అతనికి నీళ్లు అక్కర్లేదంటే ఊరు ఒప్పుకుంటుందా?

అందుకే భాయ్‌లకు నా మాట ఒక్కటే. ఆపా వచ్చి అడిగేదాకా ఆగకండి. మయ్యత్ ఇంట్లో చావు ఖర్చుల లెక్క రాసే కాగితం మీదే ఎవరి వాటా ఎంతో రాయండి. ఆలిమ్‌కు ఒకసారి, వకీలుకు ఒకసారి చూపించండి. చెల్లెలి వాటా ఆమె పేరున రాయించి పాస్ పుస్తకం ఆమె చేతికివ్వండి. ఆ తర్వాత ఆమె దాన్ని ఉంచుకుంటుందో, అమ్ముకుంటుందో, మీకే తిరిగి ఇస్తుందో ఆమె ఇష్టం. అప్పటిదాకా అది మీ దగ్గరున్న అమానత్.