కిటికీ మూశాను... ఆపిల్ తెచ్చుకున్నాను!

ఈవారం పొయ్యి దగ్గర కాదు, కాసేపు కంప్యూటర్ బల్ల దగ్గర కూర్చుందాం. పచ్చళ్ళూ పొడులూ చెప్పే మనిషికి ఈ గోల ఏమిటని పేజీ తిప్పేయకండి. ఇంట్లో ఉండి నాలుగు రాళ్ళు సంపాదించుకునే పని ఏదైనా చెప్పమని అడిగే చెల్లెళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు? వాళ్ళకు పనికొస్తుందనే రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా వారు సింగరేణిలో బాయి పని చేస్తారు. నా చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. పాప బడికి పోవడం మొదలయ్యాక, 2012లో, పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ నేర్చుకున్నాను. అప్పటినుంచీ పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, బతుకమ్మకు ఫ్లెక్సీలు, బాయి నుంచి రిటైరయ్యే పెద్దమనుషులకు సన్మానపత్రాలు ఇంట్లోనే డిజైన్ చేసి ఇస్తున్నాను. కార్డుకు ఐదారు వందలు వస్తాయి. పెద్ద సంపాదనేం కాదు. కానీ మా పాప హాస్టల్ ఫీజు కట్టేది ఆ డబ్బులతోనే. అందుకే కంప్యూటర్ కాస్త మూలిగిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది.

ఎందుకు మార్చానంటే...

మా ఊళ్ళో బొగ్గు దుమ్ము సంగతి మీకు చెప్పాలా! పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు. ఆరేసిన తెల్ల చీర లోపలికి వచ్చేసరికి బూడిద రంగుకు తిరుగుతుంది. ఇక కంప్యూటర్ డబ్బా లోపల ఫ్యాను తిరుగుతుంది కదా, అది గాలితోపాటు ఈ దుమ్మునూ పీల్చుకుంటుంది. మూడు నెలలకోసారి డబ్బా విప్పి బ్రష్షుతో దులిపేదాన్ని. దులిపిన ప్రతిసారీ మా వారు నవ్వేవారు. "మేం బాయిల తవ్వేది సాలదా, నువ్వు ఇంట్ల కూడ బొగ్గు తీస్తున్నవా?" అని.

దులుపుతూ దులుపుతూ ఎలాగో నెట్టుకొచ్చాను. అంతలో విండోస్ 10కి కాలం తీరింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వాళ్ళు దానికి మామూలుగా ఇచ్చే మద్దతు ఆపేశారు. అంటే ఆ రోజు కంప్యూటర్ ఆగిపోతుందని కాదు సుమండీ! పని చేస్తూనే ఉంటుంది. వైరస్‌ల నుంచి కాపాడే కొత్త మరమ్మతులు మాత్రం మామూలుగా రావు. నా పాత యంత్రానికి విండోస్ 11 ఎక్కదు. ఎలాగూ కొత్తది కొనక తప్పదన్నమాట.

మా వారికి వచ్చిన లాభాల వాటాలో కొంత నా చేతిలో పెట్టి, "నీ పనిముట్టు నువ్వే చూసుకో" అన్నారు. నలుగురినీ అడిగి, ఒకరు వాడిన మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకున్నాను. 2020 నవంబరులో వచ్చిన ఎం1 చిప్పు రకం. నేను దాని మీద మనసు పడడానికి కారణం ఒక్కటే. దానికి అసలు ఫ్యానే లేదు! బొగ్గు ఊళ్ళో ఉండే ఆడదానికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి? అయినా కీబోర్డు సందుల్లోకి దుమ్ము పోతుంది. పని అయిపోగానే మూత వేసి, పాత నూలు చీర ముక్క కప్పుతున్నాను.

అన్నట్టు, ఈ డిజైన్ పనికీ మ్యాక్‌కూ పాత చుట్టరికమే. మ్యాకింటోష్ 1984 జనవరిలో వచ్చింది. మనం పేజీలు కట్టే పేజ్‌మేకర్ 1985లో ముందు దాని మీదే పుట్టింది. 1990లో వచ్చిన మొదటి ఫోటోషాప్ కూడా మ్యాక్‌దే. విండోస్‌కి రెండూ తర్వాతే వచ్చాయి. పుట్టింటి పెత్తనం ఎక్కడికి పోతుంది!

కొత్తింట్లో పాత అలవాట్లు

కొత్త వంటింట్లోకి పోతే ఉప్పు డబ్బా కోసం చెయ్యి పాత గూటి వైపే పోతుంది. నాకు మొదటి పది రోజులూ అదే అవస్థ. విండోస్‌లో కంట్రోల్ నొక్కి చేసే పనులన్నీ ఇక్కడ కమాండ్ అనే మీటతో చెయ్యాలి. అది స్పేస్ పక్కనే, బొటనవేలికి అందేటట్టు ఉంటుంది. కాపీకి కమాండ్ సి, పేస్టుకు కమాండ్ వి. చిటికెన వేలు చేసే పని బొటనవేలికి నేర్పాలి.

ఇంకో తమాషా. ఫైలు మీద ఎంటర్ కొడితే తెరుచుకుంటుందని కదా మన అలవాటు? మ్యాక్‌లో ఎంటర్ కొడితే పేరు మార్చమని అడుగుతుంది! మొదటిరోజు మూడు పెళ్ళిళ్ళ ఫైళ్ళకు పిచ్చి పేర్లు పెట్టేశాను. తెరవాలంటే రెండుసార్లు క్లిక్ చెయ్యాలి, లేదా కమాండ్ ఓ కొట్టాలి. ఎర్ర బొత్తాం నొక్కితే కిటికీ మూసుకుంటుంది కానీ చాలావరకు ప్రోగ్రాం ఆగదు. పూర్తిగా ఆపాలంటే కమాండ్ క్యూ. అంటే పొయ్యి మీద గిన్నె దించినంత మాత్రాన మంట ఆరినట్టు కాదన్నమాట.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది పాత హార్డ్ డిస్కు దగ్గర. విండోస్‌లో వాడిన డిస్కులు చాలావరకు ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుంది, కానీ అందులోకి ఏమీ రాయలేదు. "రాయడం లేదు, పాడైందేమో" అని తొందరపడి ఎరేజ్ కొట్టారంటే ఏళ్ళ తరబడి చేసిన పని గాలిలో కలిసిపోతుంది. ముందు లోపలున్నవన్నీ వేరేచోట దాచుకోండి. ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ తర్వాతే డిస్కును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చండి. అది రెండు కంప్యూటర్లలోనూ నడుస్తుంది.

విసుగొచ్చి ఓ రాత్రి పాతదే నయమని కూర్చుంటే, మా వారు సెకండ్ షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటూ అన్నారు. "కొత్త బాయిల దిగినప్పుడు ముందుగాల దారులు నేర్సుకోవాలె. బొగ్గు సంగతి తర్వాత." ఆ మాటతో పది రోజులు కొత్త పని ఏదీ ఒప్పుకోలేదు. పాత కార్డులే మళ్ళీ మళ్ళీ చేసి చెయ్యి తిప్పుకున్నాను.

అనూ అక్షరాలతో తిప్పలు

మన డీటీపీ షాపుల్లో వాడే అనూ ఫాంట్లు మీకు తెలిసే ఉంటాయి. అందులో ఒక కీబోర్డు పేరే ఆపిల్. ఏళ్ళ తరబడి నేను ఆ ఆపిల్ కీబోర్డే కొట్టాను. ఆపిల్ కంప్యూటర్‌కు పోతే నా పని సులువవుతుందని మురిసిపోయాను. తీరా చూస్తే అనూ స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది. పాత ఫైళ్ళలోని తెలుగు మ్యాక్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల ముద్దలా కనబడింది. ఎందుకంటే అనూ ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడుగుతుంది. తొడుగు తీసేస్తే తెలుగు ఉండదు.

యూనికోడ్ అలా కాదు. అందులో మన "అ"కు, "క"కు వాటి సొంత సంఖ్యలు ఉంటాయి. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగే. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోకి పోయి, కీబోర్డు అనే చోట ఇన్‌పుట్ సోర్సుల్లో తెలుగు కలుపుకుంటే చాలు. చదవడానికి సరిపడా తెలుగు ఫాంట్లు అందులోనే ఉన్నాయి. అందమైన ఫాంట్లు కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో డబ్బులు లేకుండానే దొరుకుతాయి. వాటి పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ... రాయలవారి కొలువు మొత్తం నా బల్ల మీదే ఉంది! ఫ్లెక్సీ మీద పెద్ద హెడ్డింగుకు రామభద్ర బాగుంటుంది. కార్డు లోపలి మాటలకు మండలి చదవడానికి హాయిగా ఉంటుంది.

పాత అనూ ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. కానీ మార్చాక ప్రతి వత్తునూ, ప్రతి గుణింతాన్నీ కళ్ళు పెట్టి చూసుకోవాల్సిందే. అందుకే నా పాత కంప్యూటర్‌ను అమ్మలేదు. ఇంటర్నెట్ తీసేసి ఓ మూల పెట్టాను. పాత కార్డు కావాలని ఎవరైనా వస్తే దాన్నే లేపుతాను.

అక్షరం విరిగింది

ఇక నా తప్పు చెప్తాను, వినండి. దాచుకుంటే మీకు ఉపయోగమేముంది?

మ్యాక్ వచ్చాక ఒప్పుకున్న మొదటి పెద్ద పని మా లైన్లోనే ఉండే చెల్లెలి బిడ్డ పెళ్ళి కార్డు. పెళ్ళికూతురు పేరులో "జ్ఞ" ఉంది. ఇలస్ట్రేటర్‌లో తెలుగు సరిగా రావాలంటే ఒక పని చెయ్యాలి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్కు పెట్టాలి. తర్వాత పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ అని ఉన్న కంపోజర్‌ను ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. కార్డుకు ఇదంతా చేశాను. కవరుకు వేరే ఫైలు తీశాను, అందులో మరిచిపోయాను. రాత్రి పదకొండైంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. కార్డు బాగానే ఉంది కదా అని కవరు సరిగా చూడకుండానే ప్రెస్సుకు పంపేశాను.

నాలుగు వందల కవర్లు అచ్చయి వచ్చాయి. పేరులో "జ్ఞ" రెండు ముక్కలై ఉంది. ఆ చెల్లె నన్ను ఒక్క మాట అనలేదు. కవరు చేతిలో పట్టుకుని, "అక్కా, పిల్ల పేరు ఇట్ల ఇరిగిపోయినంక పసుపు పెట్టి ఎట్ల పంచాలె?" అని అడిగింది. తిట్టినా ఇంత బాధపడకపోదును. ఆడపిల్ల పెళ్ళి. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టుకుని చేస్తున్నారు. ఆ పేరు కళ్ళకద్దుకుని దేవుడి ముందు పెట్టుకుంటారు. నాకు అది ఒక ఫైలు, వాళ్ళకు అది బిడ్డ.

కవర్లన్నీ నా డబ్బులతో మళ్ళీ అచ్చు వేయించాను. మూడు వేల రెండు వందలు పోయాయి. ఆ నెల పాప ఫీజులో తక్కువ పడితే చిట్టీ డబ్బులు తీశాను. మూడో రోజుకు మంచి కవర్లు తీసుకుపోయి ఇస్తే, ఆ చెల్లె మొదటి కవరుకు పసుపు పెట్టి నా చేతికే ఇచ్చింది. "పెద్ద పిలుపు నీకే అక్కా" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈ "జ్ఞ" నన్నొక్కదాన్నే ఏడిపించలేదులెండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఒక తీరుగా వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజులు చూసే ప్రోగ్రాములే కుప్పకూలేవి. మ్యాక్‌లకూ ఆ తిప్పలు తప్పలేదు. అదే నెలలో ఆపిల్ వాళ్ళు సరిచేశారు. అంత పెద్ద కంపెనీ కూడా మన అక్షరం ముందు తడబడిందన్నమాట! అయితే నా కవరు తప్పు మాత్రం కంపెనీది కాదు, నాదే.

అప్పటినుంచి నా నియమాలు ఇవి:

1. ప్రెస్సుకు పంపేముందు కాగితం మీద ప్రింటు తీస్తాను. తెర మీద కనబడని తప్పు కాగితం మీద దొరుకుతుంది.

2. పేర్లు, తేదీ, ముహూర్తం, ఫోన్ నెంబరు ఇంటివాళ్ళతోనే గట్టిగా చదివిస్తాను. చదివాక సంతకం పెట్టించుకుంటాను.

3. ప్రెస్సులో కోరల్‌డ్రా ఉంటుంది, నా ఫాంట్లు ఉండవు. అందుకని క్రియేట్ అవుట్‌లైన్స్ కొట్టి, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ పంపుతాను. అలా మార్చాక దిద్దడం కుదరదు. కాబట్టి మార్చని నకలు ఒకటి దాచుకుంటాను.

4. రాత్రి పదింటి తర్వాత ఏ ఫైలూ పంపను.

రంగులకూ కొలతలున్నాయి

మ్యాక్ తెర వెలుగు ఎక్కువ. అందులో మెరిసిన రంగు కాగితం మీద కాస్త మాడినట్టు వస్తుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో అద్దుతుంది. అందుకే అచ్చుపనికి ఫైలు మొదట్లోనే సీఎంవైకే ఎంచుకోవాలి. కూరకు కొలతలు చెప్పినట్టే చెప్తాను, రాసుకోండి. పసుపు రంగుకు ఎల్లో 100, మజెంటా 20. కుంకుమ రంగుకు మజెంటా 100, ఎల్లో 100, నలుపు 10. చిన్న అక్షరాలకు నలుపు 100 ఒక్కటే, మిగతా మూడూ సున్నా. నాలుగు రంగులూ కలిపి నలుపు చేస్తే, అచ్చులో రవ్వంత జరిగినా అక్షరాలు మసకబారతాయి.

మరి మీరూ మార్చాలా?

నిజం చెప్పాలంటే, అందరికీ అక్కర్లేదు. మీరు పని ఇచ్చే ప్రెస్సులన్నీ కోరల్ ఫైలే కావాలంటే, అనూ లేకుండా మీకు గడవదనుకుంటే, మంచి విండోస్ కంప్యూటరే కొనుక్కోండి. కోరల్‌డ్రా 2019 నుంచి మ్యాక్‌కు కూడా దొరుకుతోంది కానీ, దానికి వేరే డబ్బులు పెట్టాలి. ఇలస్ట్రేటర్‌కైతే పాలవాడి ఖాతా లాగా చందా కట్టుకుంటూ పోవాలి. అది తప్పించుకోవాలంటే ఇంక్‌స్కేప్ ఉంది. దానికి డబ్బులు అక్కర్లేదు, రెండు కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఇప్పుడిప్పుడే నేర్చుకునేవాళ్ళు కొత్తది కొనడానికి అప్పు మాత్రం చెయ్యకండి. ఫోన్లో కాన్వాతో నాలుగు కార్డులు చేసి చూడండి. చెయ్యి కుదిరి, నాలుగు పనులు వచ్చాక యంత్రం సంగతి ఆలోచించవచ్చు.

నాకైతే ఇప్పుడు దుమ్ము బెంగ తగ్గింది. డబ్బా విప్పే పని పోయింది. పోయిన నెల ఆరు కార్డులు చేశాను, ఒక్క అక్షరం విరగలేదు. పాప ఫీజు తేదీకి ముందే కట్టేశాను.

ఉంటానండీ మరి. వచ్చేవారం మళ్ళీ పొయ్యి దగ్గరే కలుద్దాం. సర్వపిండి అడుగంటకుండా, కరకరలాడేటట్టు ఎలా చెయ్యాలో చెప్తాను. వరిపిండి, నువ్వులు, శనగపప్పు సిద్ధం చేసుకోండి!