ఖసూర్ ఫిజిక్స్‌ది కాదు, హిసాబ్‌ది



"మా పిల్లకి ఫిజిక్స్ అబ్బలేదు భాయ్, నసీబ్ అంతే." ఈ మాట మన మొహల్లాల్లో పదేపదే వింటున్నాను. ఇంటర్ మొదటి ఏడాది సగం కాకముందే వాలిదైన్ ఫైస్లా ఇచ్చేస్తున్నారు. డాక్టర్ కావాలనుకున్న బేటీని ఏదో ఒక డిగ్రీలో చేర్చి, రిష్తాలు వెతుకుతున్నారు. నేను దీనికి సాఫ్ ఖిలాఫ్. నసీబ్ మీదకు నెట్టేముందు ఆ పిల్ల లెక్కలో ఏ వరస దగ్గర ఆగిందో చూశారా జనాబ్?

ఒక సవాల్ తీసుకుందాం. 15 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. ఎన్ని సెకన్లకు నేల మీద పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకోండి. ఇందులో ఫిజిక్స్ ఒక్క వరసే. స్థానభ్రంశం సూత్రం రాసి, నేల కిందుంది కాబట్టి 15కి మైనస్ పెట్టాలి. ఆ తర్వాత మిగిలేది పదో తరగతి వర్గ సమీకరణం: టీ స్క్వేర్ మైనస్ 2టీ మైనస్ 3 సున్నాకు సమానం. జవాబులు రెండు, 3, మైనస్ 1. విసరకముందే బంతి నేలకు చేరదు కాబట్టి 3 సెకన్లు. పిల్లలు తడబడేది ఆ మైనస్ దగ్గర, ఆ కారణాంకాల దగ్గర. మార్కు పోయింది ఫిజిక్స్ పేపర్‌లో, గల్తీ జరిగింది హిసాబ్‌లో.

వాలుబల్ల మీద జారే దిమ్మెకు సైన్ రాయాలా, కాస్ రాయాలా? మన పిల్లలు రట్టా కొడతారు, పరీక్షలో తారుమారు చేస్తారు. బల్లను చదునుగా పరిస్తే దిమ్మె జారదు కదా. కోణం సున్నా అయినప్పుడు సున్నా కావాల్సింది సైన్. అంతే. లోలకం పాఠంలో చిన్న కోణానికి సైన్ థీటా బదులు థీటా రాయమంటారు. 10 డిగ్రీలంటే 0.1745 రేడియన్లు, దాని సైన్ 0.1736. తేడా ఎంత తక్కువో చూపిస్తే పిల్లకి ఇత్మీనాన్. చూపించకపోతే కళ్లు మూసుకుని నమ్ముతుంది. ఈమాన్ గైబ్ మీద ఉండాలి, ఫార్ములా మీద కాదు.

నిజాం కూడా ఉల్టాగానే ఉంది. ఫిజిక్స్ సార్ మొదటి పాఠాల్లోనే వేగమంటే డీఎక్స్ బై డీటీ అని బోర్డు మీద రాసేస్తారు. లెక్కల సార్ అవకలనం దగ్గరికి వచ్చేసరికి ఏడాది చివరికొస్తుంది. సమాకలనం రెండో ఏడాది మాట. బైపీసీ అయితే లెక్కలు లేని గ్రూపు. కానీ నీట్‌లో 720 మార్కులకు 180 ఫిజిక్స్‌వే, కాలిక్యులేటర్‌కు ఇజాజత్ లేదు. పదితోనే లెక్కలు వదిలేసిన పిల్లని ఆ మైదానంలోకి తోసి, ఓడితే దిమాగ్ లేదంటామా? ఇది జుల్మ్.

ఉర్దూ మీడియంలో పది చదివిన పిల్లలకు ఇంకో బరువు. నిన్నటి జావియా నేడు యాంగిల్, ముసల్లస్ ట్రయాంగిల్, ముసావాత్ ఈక్వేషన్. నేనూ ఉర్దూ మీడియం బడిలో చదివినవాణ్ణే. లఫ్జ్ మారితే ఇల్మ్ పోదు. కానీ ఆ వంతెన దాటించే ఉస్తాద్ ఒకరు కావాలి.

ఇక మన జల్సాల సంగతి. మైక్ పట్టుకున్న ప్రతివారూ అల్ ఖ్వారిజ్మీ పేరు ఎత్తుతారు. సహీ. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఆయన రాసిన కితాబ్ పేరులోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అనే మాట వచ్చింది. మీరాస్ పంపకాల లెక్కలూ అందులో ఉన్నాయి. అల్ బిరూనీ ఒక కొండ ఎత్తు, అక్కణ్ణుంచి దిగంతం ఎంత కిందికి వాలిందో ఆ కోణం కొలిచి భూమి వ్యాసార్థం లెక్కగట్టాడు. అది త్రికోణమితి. వాళ్ల మీద ఫఖర్ పడండి, మనా చేయను. కానీ ఆ తఖ్రీర్ వింటూ ముందు వరసలో కూర్చున్న బచ్చాకి వర్గ సమీకరణం రాకపోతే, ఆ ఫఖర్ ఎందుకు పనికొస్తుంది?

మరి చేయాల్సిందేమిటి? పది పరీక్షలయ్యాక ఇంటర్ క్లాసులు మొదలయ్యేలోపు దొరికే రోజుల్ని షాదీలకీ, నిద్రకీ ఇచ్చేయకండి. మసీదు పక్కన ఒక గది, ఒక బోర్డు చాలు. మొహల్లాలో బీటెక్, బీఎస్సీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. రోజూ రెండు గంటలు కూర్చోబెట్టి బీజగణితం, త్రికోణమితి, గ్రాఫులు, సదిశలు, పది ఘాతాల లెక్కలు నేర్పించండి. అవకలనమంటే గ్రాఫు వాలు, సమాకలనమంటే గ్రాఫు కింది వైశాల్యం అని బొమ్మ గీసి చూపిస్తే చాలు, మిగతాది కాలేజీలో అందుకుంటారు. రోజుకు పది లెక్కలు, కాలిక్యులేటర్ లేకుండా. ఆడపిల్లలకు అనువైన వేళ చూడండి. బునియాద్ లేకుండా జేవర్ అమ్మి కోచింగ్‌లో చేర్చడం ఇసుక మీద మేడ కట్టడమే.

వచ్చే జుమా నమాజ్ తర్వాత మీ కమిటీ సదర్ సాహెబ్‌ని ఆ గది అడగండి. ఇంటికెళ్లాక బిడ్డని "ఎన్ని మార్కులు?" అని కాదు, "ఏ వరస దగ్గర ఆగావు బేటా?" అని అడగండి. ఆ వరస తెలిస్తే ఇలాజ్ ఉంది.