నాలాలకు దారి విడువుడు

హైదరాబాదు నగర పాలకులకు,

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలాది ప్రాణములను హరించిన పిమ్మట, ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి సూచనలను పురస్కరించుకొని గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయములను నిర్మించుకొనిన ఈ నగరమునందు, నేడు గట్టివాన గంటసేపు కురిసినంతనే మోకాలిలోతు మురుగునీరు పల్లపు బస్తీల ఇండ్లలోనికి చొరబడి బియ్యపుడబ్బాలను తేల్చుచుండగా, తల్లులు బిడ్డలను మంచములపైకెక్కించి తెల్లవార్లు జాగరము చేయుచున్నారు. చెరువునుండి చెరువునకు నీటిని కొనిపోవలసిన నాలాలపై గోడలు లేచినవి. మిగిలిన ఇరుకుదారి ప్లాస్టిక్ సంచులతో పూడినది.

మే నెల ముగియకముందే పూడిక తీయించి, ఆ మట్టిని గట్టుననే వదలక వెంటనే తరలింపుడు. ప్రతి నాలాకు హద్దురాళ్లు పాతించి, ఆ హద్దుల పటమును వార్డు కార్యాలయపు గోడపై అందరికిని కనబడునట్లు అతికింపుడు. నాలాగట్లపై నివసించు నిరుపేదలకు మాత్రము వేరొక నీడ చూపిన పిదపనే వారి గుడిసెల జోలికి పోవలెను.

ఇట్లు,
ఒక నగరవాసి