ఒప్పందంలో రాయని పేజీ

బ్రెగ్జిట్ గురించి మన క్యాంపస్‌లో ఎవరినడిగినా వీసాల గురించి, ఉద్యోగాల గురించి చెప్తారు. ఎమ్మెస్‌కి యూకే బెటరా, జర్మనీ బెటరా అనే లెక్కలోనే ఆ మాట మనకి ఎక్కువగా తగులుతుంది. నాకు అందులో ఇంకో విషయం ముఖ్యంగా కనిపిస్తుంది. అది రక్షణ. పొరుగువాళ్ళతో కలిసి ఉన్న యూనియన్‌లోంచి ఒక దేశం బయటికొచ్చేస్తే, రేపు ఏదైనా ముప్పు వచ్చినప్పుడు అదే పొరుగువాళ్ళతో కలిసి పనిచేయడం ఎలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బయటికి రావడం అక్కడి ప్రజల హక్కు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ భద్రత సంగతి కాగితం మీద రాసుకోకుండా బయటికి రావడం మాత్రం బ్రిటన్ చేసిన పెద్ద పొరపాటు.

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది ఈయూ వద్దన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ అధికారికంగా బయటికొచ్చింది. ఆ ఏడాది చివర్లో ఇద్దరి మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరింది. వెయ్యి పేజీలు దాటిన ఆ ఒప్పందంలో చేపల వాటా ఉంది, లారీల రవాణా ఉంది, పోలీసుల సహకారం కూడా ఉంది. విదేశాంగ విధానం మీద, రక్షణ మీద మాత్రం ఒక్క అధ్యాయం కూడా లేదు. వద్దన్నది ఈయూ కాదు, బోరిస్ జాన్సన్ ప్రభుత్వమే. 2019లో ఇద్దరూ ఒప్పుకున్న రాజకీయ ప్రకటనలో ఆ ప్రస్తావన ఉంది. తీరా ఒప్పందం దగ్గరికొచ్చేసరికి అది పోయింది. వాళ్ళ వాదన సింపుల్: నాటో ఎలాగూ ఉంది, మిగతాది ఏ దేశంతో ఆ దేశంతో విడిగా మాట్లాడుకుంటాం.

ఈ వాదనలో పస లేదని అనలేం. ఫ్రాన్స్‌తో 2010లో చేసుకున్న లాంకస్టర్ హౌస్ ఒప్పందాలు బ్రెగ్జిట్ తర్వాత కూడా నిలబడ్డాయి. ఉత్తర యూరప్ దేశాలతో కలిసి బ్రిటన్ నడిపే జాయింట్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్‌లో ఇప్పుడు 10 దేశాలున్నాయి. 2022 మేలో, స్వీడన్, ఫిన్‌లాండ్ ఇంకా నాటోలో చేరకముందే, మీకు కష్టమొస్తే మేమున్నామని బ్రిటన్ ఆ రెండు దేశాలకీ హామీ ఇచ్చింది. రష్యా పూర్తిస్థాయి దాడి మొదలవక ముందే, ఆ జనవరిలో, ఉక్రెయిన్‌కి ట్యాంకులను కొట్టే మిసైళ్ళు పంపింది. కాబట్టి ఈయూ బయట బ్రిటన్ ఒంటరైపోయింది అనడం కరెక్ట్ కాదు.

మరి పోయిందేంటి? కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఈ కథ ఈజీగా అర్థమవుతుంది. గెలీలియో అనేది యూరప్ సొంత జీపీఎస్. దాని ఓపెన్ సిగ్నల్ ఎవరి ఫోన్‌కైనా అందుతుంది. దాంతోపాటు ప్రభుత్వాల కోసం, సైన్యాల కోసం ఎన్‌క్రిప్ట్ చేసిన ఇంకో సిగ్నల్ ఉంది. దాన్ని జామ్ చేయడం, నకిలీది సృష్టించడం చాలా కష్టం. ఆ తాళంచెవులు సభ్యదేశాలకే ఇస్తారు. బయటివాళ్ళు కావాలంటే ప్రత్యేక ఒప్పందం చేసుకోవాలి. ఈ రూల్ 2011లో వచ్చింది, అప్పుడు బ్రిటన్ కూడా సభ్యదేశమే. గెలీలియో ఉపగ్రహాల్లో చాలావాటికి పేలోడ్లు తయారుచేసింది కూడా గిల్డ్‌ఫర్డ్‌లోని బ్రిటిష్ కంపెనీ ఎస్‌ఎస్‌టీఎల్. అయినా ఏం లాభం? సర్వర్‌లో గ్రూప్ నుంచి పేరు తీసేశాక, ఆ కోడ్‌లో సగం నేనే రాశానంటే పర్మిషన్ రాదు కదా.

సరే, సొంతంగా కట్టుకుంటాం అన్నారు. 2018లో 9.2 కోట్ల పౌండ్లతో అధ్యయనం మొదలుపెట్టి, 2020లో ఆ ఆలోచనే మానుకున్నారు. అదే ఏడాది దివాలా తీసిన వన్‌వెబ్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీని మన భారతీ గ్రూపుతో కలిసి కొన్నారు, చెరో 50 కోట్ల డాలర్లు పెట్టి. యుద్ధం వల్ల రష్యా రాకెట్ల దారి మూసుకుపోయాక, వాటిలో 72 ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే రెండు విడతల్లో పైకెళ్ళాయి. చివరికి 2023లో ఆ కంపెనీ వెళ్ళి కలిసింది ఎవరితో? పారిస్ కేంద్రంగా ఉన్న యూటెల్‌శాట్‌తో! అంత తిరిగి మళ్ళీ పొరుగింటికే చేరింది. పైగా వన్‌వెబ్ ఇచ్చేది ఇంటర్నెట్, గెలీలియో ఇచ్చే నావిగేషన్ కాదు.

ఇంకో ఉదాహరణ చూడండి. సోమాలియా తీరంలో సముద్రపు దొంగల్ని అడ్డుకునే ఈయూ నౌకాదళ ఆపరేషన్‌ని 2008 నుంచి లండన్ దగ్గరి నార్త్‌వుడ్‌లో కూర్చుని నడిపించేవాళ్ళు. 2019లో ఆ కమాండ్ స్పెయిన్‌లోని రోటాకి వెళ్ళిపోయింది. బ్రిటన్ ఓడలు ఎక్కడికీ పోలేదు. పోయింది నిర్ణయాలు తీసుకునే కుర్చీ.

రాయకుండా వదిలేసిన ఆ పేజీని ఇప్పుడు ముక్కలు ముక్కలుగా రాసుకుంటున్నారు. 2024 అక్టోబర్‌లో జర్మనీతో రక్షణ ఒప్పందం, 2025 జులైలో అదే జర్మనీతో ఇంకో పెద్ద ఒప్పందం. వాటి మధ్యలో 2025 మే 19న ఈయూతోనే భద్రత, రక్షణ భాగస్వామ్యం. రెఫరెండం జరిగిన దాదాపు తొమ్మిదేళ్ళకి! అయినా ఆ సంతకం పూర్తి ప్రవేశం ఇవ్వలేదు. ఆయుధాల కొనుగోలుకి ఈయూ 15,000 కోట్ల యూరోల అప్పుల పథకం పెట్టింది. అందులో బయటి దేశాల విడిభాగాల విలువ 35 శాతం దాటకూడదు. ఆ గీత దాటి పూర్తిగా చేరాలంటే బ్రిటన్ ఎంత కట్టాలి అన్న దగ్గర బేరం తెగక, 2025 నవంబర్‌లో చర్చలు ఆగిపోయాయి. కొద్ది రోజులకే అట్లాంటిక్ అవతలున్న కెనడా మాత్రం బేరం కుదుర్చుకుంది. ఇక్కడ ఈయూని కూడా నేను వెనకేసుకు రాను. పక్కనే యుద్ధం జరుగుతుంటే ఎంట్రీ ఫీజు దగ్గర పట్టుబట్టడం తెలివైన పని కాదు. కానీ 2020లోనే రాసుకుని ఉంటే బ్రిటన్ ఇంత బలహీనమైన చోట నిలబడి బేరమాడాల్సి వచ్చేది కాదు.

రష్యా పక్కనే ఉన్న ఎస్టోనియాలో, టపా అనే ఊళ్ళో, 2017 నుంచి బ్రిటిష్ సైనికులు కాపలా ఉన్నారు. ఎస్టోనియా ఈయూ దేశం. అంటే బ్రిటన్ తను వదిలేసిన యూనియన్ సరిహద్దునే ఈ రోజుకీ కాస్తోంది. ఎందుకంటే ఆ సరిహద్దు తెగితే ముప్పు తనకి కూడా. ఓటు వేసి యూనియన్ మారొచ్చు, మ్యాప్ మారదు. ఆ సైనికుల్ని పంపేవాళ్ళకి, పొరుగు దేశాల రక్షణ నిర్ణయాలు జరిగే గదిలో కనీసం ఒక కుర్చీ ఉండాలి. విడిపోవాలనుకునే ఏ దేశమైనా చేపల వాటా కంటే ముందు రాసుకోవాల్సిన పేజీ అదే.