మోట నీళ్లకు సగం లెక్క

పానగల్‌లో ఉదయసముద్రం కట్టెక్కితే ఒక దిక్కు నీళ్లు, ఒక దిక్కు పొలాలు. కందూరు చోడుల నాటి చెరువు. తవ్వించినవాడికి పుణ్యమన్నది బోధ. ఆ పుణ్యమే తూములోంచి దిగి మడి తడిపింది.

ఇస్లాం తొలినాళ్లు ఈ కట్ట మీద నిలబడి చూస్తే పరాయిగా తోచవు. మన సప్తసంతానాల్లో కొడుకు, కావ్యం, చెరువు ఉన్నాయి. మనిషి పోయాకా పుణ్యం తెచ్చేవి మూడని హదీసు: ప్రార్థించే బిడ్డ, పనికొచ్చే విద్య, నిలిచిపోయే దానం. రెండింటికీ చుట్టరికం వెతకనక్కర్లేదు.

అయితే ఇస్లాం బోధ పుణ్యం దగ్గర ఆగలేదు, కొలతకు దిగింది. 200 దిర్హాముల వెండి ఏడాది పాటు చేతిలో ఉంటే 5 దిర్హాములు జకాత్, అంటే తప్పనిసరి దానం. పంట వానకో ఊటకో పండితే పదో వంతు. ఒంటెతో తోడిపోసిన నీళ్లకు పండితే ఇరవయ్యో వంతే. మోట తోలిన ఇంట్లో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆకాశం ఇచ్చిన నీటికి ఒక లెక్క, చెమటోడ్చి తోడిన నీటికి అందులో సగం.

632లో అరఫాత్ మైదానంలో వడ్డీలు రద్దుచేస్తూ ప్రవక్త మొదట కొట్టేసింది సొంత పినతండ్రి అబ్బాస్‌కు రావలసిన వడ్డీని. ఇంట గెలవడమంటే అదీ.

ఈ ఆలోచనను ఆధునిక అర్థశాస్త్రంగా మలచిన తొలి చోట్లలో మన హైదరాబాదు ఒకటి. 1936లోనే హైదరాబాదీ పండితుడు ముహమ్మద్ హమీదుల్లా ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికలో దీన్ని చర్చించారు. తర్వాతి దశాబ్దంలో ఉస్మానియా ఆచార్యులు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ వడ్డీ సిద్ధాంతం మీద, మనాజిర్ అహ్సన్ గిలానీ ఇస్లామీ అర్థశాస్త్రం మీద పుస్తకాలు రాశారు.

ఆ పుస్తకాల వెలుగు నల్లగొండ పల్లెదాకా రాలేదు. ఇక్కడ రైతు నాగుకు, అంటే వడ్డీకి, గింజలు తెచ్చుకుని, కల్లంలో దానికి సగం కలిపి కొలిచాడు. రాజ్యం నిజాముది, దొరల్లో ఎక్కువమంది హిందువులు. వడ్డీ అసలును మించొద్దని మన ధర్మశాస్త్రాలూ గీత గీశాయి. ఆ గీతా గడీ గోడ దాటి లోపలికి పోలేదు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి రెండు మతాల బోధలూ ఊళ్లో వినపడుతూనే ఉన్నాయి.

అందుకే ఏ వేదిక మీద ఎవరు ధర్మం చెప్పినా, కింద కూర్చున్నవాడు ఒకటి అడగొచ్చు: అయ్యా, నీ ఇంట్లో ఎవరి వడ్డీ కొట్టేసి వచ్చావు?