రుచికి సగం మార్కులే!

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే అబ్బాయో అమ్మాయో వంటల పోటీకి సిద్ధమవుతున్నారంటే ఇల్లంతా రుచి చూసే పనిలో పడుతుంది. ఉప్పు చాలిందా, కారం ఎక్కువైందా... ఇదే చర్చ. కానీ ప్రపంచ షెఫ్‌ల సంఘాల సమాఖ్య ‘వరల్డ్‌షెఫ్స్’ మార్గదర్శకాల ప్రకారం, పొయ్యి మీద వండే పోటీల్లో రుచికి దక్కేది సగం మార్కులే. మిగతా సగం ముందస్తు ఏర్పాట్లకీ, వండే పద్ధతికీ, శుభ్రతకీ, వడ్డనకీ, అలంకరణకీ.

అందుకే న్యాయనిర్ణేతల కళ్లు గిన్నెలోకంటే ముందు బల్ల మీద, చెత్తబుట్టలో పడతాయి. పచ్చిమాంసం కోసిన చాపింగ్ బోర్డు మీదే కొత్తిమీర తరిగితే మార్కులు పోయినట్టే. దళసరిగా చెక్కు తీసి సగం బంగాళాదుంప పారేసినా అంతే!

మరి సాధన ఎలా? ముందు కాగితం మీద వండాలి. ఏ నిమిషానికి ఏ పని? ఏ పొయ్యి మీద ఏ గిన్నె? పప్పు ఉడికేలోపు ఏమేం తరగొచ్చు? అన్నీ రాసుకున్నాక, గడియారం ఎదురుగా పెట్టుకుని అదే మెనూ మళ్లీ మళ్లీ వండాలి. పోటీ గంటన్నర అయితే ఇంట్లో గంటంబావుకే పూర్తవ్వాలి. కొత్తచోట తడబడటానికి ఆ పావుగంట కావాలి. ‘చిటికెడు’, ‘కాస్త’ అన్న లెక్కలు వద్దు. గ్రాముల్లో తూచి రాసుకోవాలి.

ఈలోగా అమ్మకో కష్టమైన పని... వంటింట్లోకి రాకుండా ఉండటం! పోపు మాడుతుంటే ఆమె చెయ్యి ఆగదు. కానీ పోటీలో స్టవ్ తగ్గించడానికి ఆ చెయ్యి ఉండదుగా. మాడేదేదో ఇంట్లోనే మాడనివ్వండి. ఆ కూర నాన్న తినేస్తారు, మార్కులు మాత్రం తగ్గవు.